ఎద్దునూ దున్ననూ ఒకే కాడికి కడితే? – ఊపిరితిత్తుల కేన్సరుకు జంట వైద్యం

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

పోయిన ఏడాది వేసవి సెలవుల్లో మా పెదనాన్నను వెంటబెట్టుకొని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాను. ఆయనకు ఊపిరితిత్తుల్లో కేన్సరని అప్పటికి వారం క్రితమే తేలింది. డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి, రెండు రకాల వైద్యం కలిపి చేస్తామని చెప్పారు. మొదటిది కీమోథెరపీ. అంటే కేన్సరు కణాలను చంపే మందులు. రెండవది ఇమ్యునోథెరపీ. అంటే మన ఒంట్లోని రోగనిరోధక శక్తి చేతనే కేన్సరును కొట్టించే మందు. మా పెదనాన్న ప్రకాశం జిల్లాలో ముప్పయ్యేళ్ళకు పైగా పొగాకు పండించిన రైతు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"అయ్యా, ఒక మందేమో వొంట్లో తెల్ల కణాలను తగ్గించిద్ది అన్నారు. రెండో మందేమో ఆ తెల్ల కణాల బలంతోనే పని చేసిద్ది అన్నారు. రెంటినీ ఒకేసారి ఎక్కిస్తే ఎద్దు ఎండకీ దున్న నీడకీ లాగినట్టు ఉండదా?"

డాక్టరుగారు నవ్వి, "మంచి ప్రశ్న వేశారు పెద్దాయనా. ఒకప్పుడు మా వాళ్ళకూ ఇదే అనుమానం ఉండేది" అన్నారు. బయట ఇంకా నలభై మంది వరస కట్టి ఉన్నారు. అంతకన్న వివరించే తీరిక ఆయనకు లేకపోయింది. బస్సులో వస్తూ పెదనాన్న నా వైపు తిరిగి, "ఏరా అబ్బాయ్, సైన్సు చదువుతున్నావు గదా, నువ్వన్నా చెప్పు" అన్నాడు. జంతుశాస్త్రంలో రోగనిరోధక శక్తి పాఠం చదివి పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకొన్నవాణ్ణి. అయినా నోట మాట రాలేదు. ఆనాడు బస్సులో చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

జబ్బు ఎటువంటిది?

మన శరీరంలో కణాలు ఒక కట్టుబాటు ప్రకారం పుడతాయి, విభజన చెందుతాయి, కాలం తీరాక చస్తాయి. ఆ కట్టుబాటు డి.ఎన్.ఏ.లో వ్రాసి ఉంటుంది. పొగాకు పొగలోని విష పదార్థాలు ఏళ్ళ తరబడి తగిలి ఊపిరితిత్తుల గోడల్లోని కణాల డి.ఎన్.ఏ. దెబ్బ తింటే, ఎప్పుడో ఒకనాడు ఒక కణం కట్టు తప్పుతుంది. అది రెండై, రెండు నాలుగై, గడ్డగా మారి, చివరకు రక్తంలో పడి ఇతర అవయవాలకు పాకుతుంది. ధూమపానానికీ ఈ జబ్బుకూ గల సంబంధాన్ని 1950లో ఇంగ్లండులో డాల్, హిల్ అనే శాస్త్రజ్ఞులు లెక్కలతో సహా చూపించారు. పొగ త్రాగనివారికి కూడా ఈ జబ్బు వస్తుంది. కట్టెల పొయ్యి పొగ, పట్నాల మురికి గాలి అందుకు కొంతవరకు కారణాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 25 లక్షల మందికి ఈ కేన్సరు కొత్తగా వచ్చింది. సుమారు 18 లక్షల మంది మరణించారు. కేన్సర్లన్నింటిలోనూ ఎక్కువ మందిని బలిగొంటున్నది ఇదే. దీనిలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. నూటికి సుమారు 15 మందికి వచ్చేది చిన్న కణాల రకం. అది చాలా వేగంగా పాకుతుంది. మిగిలిన 85 మందికి వచ్చేది చిన్న కణాలు కాని రకం. మా పెదనాన్నది ఈ రెండో రకమే.

ఈ జబ్బుతో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఊపిరితిత్తి లోపలి భాగానికి నొప్పి తెలిపే నరాలు లేవు. గడ్డ పెరిగి పక్క భాగాలను నొక్కేదాకా మనిషికి తెలియదు. తెలిసినా దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం – ఇవన్నీ క్షయ లక్షణాల్లాగే ఉంటాయి. మా పెదనాన్న దగ్గుకు ఒక చోట నాలుగు నెలలు క్షయ మాత్రలు ఇచ్చారు. కళ్ళె పరీక్షలో క్షయ క్రిములు ఒక్కసారి కూడా కనబడలేదు. అయినా మాత్రలు ఆపలేదు. ఆ నాలుగు నెలలూ మాకు తిరిగి రావు. కేన్సరని తేలేనాటికి అది కాలేయానికి పాకి ఉంది. అటువంటి దశలో ఆపరేషను చేసి గడ్డను కోసివేయడం కుదరదు. ఒళ్ళంతా తిరిగే మందులే శరణ్యం.

మొదటి ఎద్దు – కీమోథెరపీ

కీమోథెరపీ చరిత్రలో మన తెలుగువాడికి పెద్ద పీట ఉన్నదని ఈ వ్యాసం కోసం చదివేదాకా నాకు తెలియదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, 1920లలో అమెరికా వెళ్ళారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని జీవరసాయన శాస్త్రం చదివే మిత్రులు ఎరుగుదురు. అది 1925 నాటిది. తరువాత లెడర్లే పరిశోధనశాలలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆసిడ్ అనే విటమినును కృత్రిమంగా తయారు చేశారు. దాని పోలికలోనే ఉండి దానికి అడ్డుపడే పదార్థాలను కూడా అక్కడే తయారు చేశారు. అవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్.

కణం రెండుగా చీలాలంటే ముందు తన డి.ఎన్.ఏ.కు మరో ప్రతి తయారు చేసుకోవాలి. అందుకు ఫోలిక్ ఆసిడ్ అవసరం. దాని వేషంలో నకిలీ సరుకు లోపలికి పోతే పని ఆగిపోతుంది, కణం చస్తుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త కేన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, 10 మందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించాడు. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావుగారు 53వ ఏట కన్నుమూశారు.

ఆ వంశంలో పుట్టిన మందే పెమెట్రెక్సెడ్. సీతాకోకచిలుకల రెక్కల రంగులో ఉండే ఒక తరగతి రసాయనాల మీద ఆసక్తితో పని మొదలుపెట్టిన ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టేలర్ దీని రూపకర్త. అమెరికాలో 2004లో అనుమతి పొందింది. ఫోలిక్ ఆసిడ్‌తో జరిగే పనిని ఇది ఒక చోట కాక మూడు చోట్ల అడ్డగిస్తుంది. మొదట్లో ఇది కొందరి ప్రాణాల మీదికే తెచ్చింది. రోగికి ముందుగానే కొద్ది మోతాదులో ఫోలిక్ ఆసిడ్ మాత్రలు, బి-12 ఇంజక్షన్లు ఇస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుందని తరువాత తెలిసింది. ఇప్పుడు ఆ రెండూ లేకుండా ఈ మందు ఇవ్వరు.

దీనికి తోడుగా ఇచ్చేది ప్లాటినం మందు. 1965లో మిచిగన్ విశ్వవిద్యాలయాలలో ఒకదానిలో బార్నెట్ రోసెన్‌బర్గ్ ప్లాటినం కడ్డీలతో సూక్ష్మజీవుల ద్రావణంలోకి విద్యుత్తు పంపిస్తుంటే, అవి చీలకుండా పొడుగ్గా దారాల్లా పెరిగాయి. విద్యుత్తు వల్ల కాదు, కడ్డీల నుండి కరిగిన ప్లాటినం సమ్మేళనం వల్ల అలా జరిగిందని ఆయన పట్టుకొన్నాడు. అదే సిస్‌ప్లాటిన్. 1978లో మందుగా వచ్చింది. దాని తమ్ముడు కార్బోప్లాటిన్. ఇవి డి.ఎన్.ఏ.ను సంకెళ్ళు వేసినట్టు బంధిస్తాయి.

ఈ మందులతో ఎంత మేలు జరిగింది? 2002లో అమెరికాలో ప్రకటించిన ఒక పెద్ద పరీక్షలో ప్లాటినంతో కూడిన నాలుగు రకాల జంటలను పోల్చి చూశారు. నాలుగింటి ఫలితం ఒకటే. గడ్డ తగినంత కుంచించుకుపోయింది నూటికి 19 మందికే. సగం మంది రోగులు 8 నెలలు నిండకుండానే పోయారు. పెమెట్రెక్సెడ్ వచ్చాక కొంత మెరుగైంది. అయినా కీమో ఒక్కటే ఒక హద్దు దగ్గర ఆగిపోయిందని అందరికీ అర్థమైంది. కారణం తేలికే. చేలో మందు కొడితే పురుగు చస్తుంది. కాని మందుకు తట్టుకొన్న నాలుగు పురుగులు మిగిలితే వచ్చే పంటకు చేనంతా వాటి సంతానమే.

రెండవ ఎద్దు – ఇమ్యునోథెరపీ

మన తెల్ల రక్తకణాలలో టి కణాలు అనేవి ఊరి కావలివాళ్ళ వంటివి. ఒంట్లో తిరుగుతూ పరాయి కణం ఏదైనా కనబడితే చంపుతాయి. మరి కేన్సరు కణాన్ని ఎందుకు చంపవు? వరి చేలో ఊద ఎంత కాలం దొరక్కుండా ఉంటుందో చూశారు గదా. నారులో కలిసి, వరి పోలికలోనే పెరుగుతుంది. కేన్సరు కణం కూడా మన కణం నుండి పుట్టినదే గనుక దానిని గుర్తుపట్టడం కష్టం. గుర్తుపట్టినా, అది మరో ఉపాయం పన్నుతుంది.

టి కణాలు అదుపు తప్పి సొంత శరీరాన్నే నాశనం చేయకుండా ప్రకృతి వాటికి బ్రేకులు పెట్టింది. అందులో ఒకదాని పేరు పి.డి.-1. దీనిని 1992లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో తసుకు హోంజో బృందం కనుగొన్నది. ఇది లేని ఎలుకలలో టి కణాలు సొంత అవయవాల మీదనే పడ్డాయి. దాంతో ఇది బ్రేకు అని తెలిసింది. ఆరోగ్యంగా ఉన్న కణం తన పైపొర మీద పి.డి.-ఎల్.1 అనే ప్రోటీనును చూపిస్తే టి కణం ఆగిపోతుంది. కేన్సరు కణాలు చాలా వరకు ఇదే ప్రోటీనును దండిగా తయారు చేసికొని, వచ్చిన టి కణాన్నల్లా బ్రేకు నొక్కి నిలబెడతాయి. ఇటువంటిదే మరో బ్రేకు సి.టి.ఎల్.ఏ.-4. దానికి అడ్డు వేస్తే ఎలుకలలో గడ్డలు కరిగిపోతాయని అమెరికాలో జేమ్స్ ఆలిసన్ 1996లో చూపాడు. ఈ ఇద్దరికీ 2018లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మందు చేసే పని ఇంతే: బ్రేకు మీద నుండి కాలు తీయడం. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వంటివి పి.డి.-1ను కప్పివేసే యాంటీబాడీలు. ఇవి కేన్సరు కణాన్ని ముట్టుకోనైనా ముట్టుకోవు. నిలబడిపోయిన టి కణాన్ని మళ్ళీ నడిపిస్తాయి, చంపే పని అదే చేసుకొంటుంది. అమెరికాలో 2014లో చర్మ కేన్సరుకు, 2015లో ఊపిరితిత్తుల కేన్సరుకు వీటికి అనుమతి వచ్చింది.

ఈ మందుతో మేలు జరిగినవారిలో కొందరికి అది ఏళ్ళ తరబడి నిలిచింది. ముదిరిన ఊపిరితిత్తుల కేన్సరులో కీమో ఒక్కదానితో ఇది అరుదైన సంగతి. కాని ఊపిరితిత్తుల కేన్సరులో ఒంటరిగా ఇచ్చినప్పుడు గడ్డ బాగా తగ్గింది సుమారు ఐదుగురిలో ఒకరికే. పైగా ఇది నిదానంగా పని చేస్తుంది. టి కణాలు మేలుకొని, పెరిగి, గడ్డను చేరడానికి వారాలు పడుతుంది. ఈలోగా జబ్బు ముదిరి పోయేవారు పోతారు.

ఒకే కాడికి ఎందుకు కట్టారు?

ఇప్పుడు పెదనాన్న ప్రశ్నకు వద్దాం. కీమో వల్ల తెల్ల కణాలు తగ్గే మాట నిజమే. రోగనిరోధక శక్తిని అణచే మందును, దానిని లేపే మందుతో కలపడం తెలివితక్కువ పని కాదా?

మొదటి జవాబు కాలానికి సంబంధించినది. కీమో మూడు వారాలకొకసారి ఇస్తారు. దాని దెబ్బ ముఖ్యంగా ఎముక మూలుగలో వేగంగా పుట్టే తెల్ల కణాల మీద పడుతుంది. పది, పధ్నాలుగు రోజులకు వాటి సంఖ్య బాగా పడిపోయి, మూడో వారానికి మళ్ళీ లేస్తుంది. డాక్టర్లు భయపడేది ముఖ్యంగా సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్ కణాల గురించి. గడ్డలో చేరి కూర్చున్న టి కణాలు అన్నీ ఆ దెబ్బకు తుడిచిపెట్టుకు పోవు. అంటే ఎద్దు నీరసపడుతుంది గాని చావదు.

రెండవది మరింత ఆసక్తికరమైనది. కణం చచ్చే తీరు అనేకం. చడీ చప్పుడు లేకుండా చచ్చేది ఒకటి. కేకలు వేస్తూ చచ్చేది ఒకటి. కొన్ని కీమో మందుల దెబ్బకు కేన్సరు కణం చస్తూ లోపలి కొన్ని పదార్థాలను పైపొర మీదికి, బయటికి వదులుతుంది. వాటిని చూసి డెండ్రిటిక్ కణాలు పరుగెత్తుకు వస్తాయి. అవి చచ్చిన కణం ముక్కలను మింగి, లింఫు గ్రంథులకు మోసుకుపోయి, "ఇదిగో దొంగ ఆనవాలు" అని టి కణాలకు చూపిస్తాయి. ఫ్రాన్సులో గిడో క్రోమర్, లోరాన్స్ జిత్వోగెల్ అనే శాస్త్రజ్ఞులు ఈ విషయం మీద ఎంతో కృషి చేశారు. కీమో మందులన్నీ ఈ పనిని ఒకే స్థాయిలో చేయవు. చాలా ఋజువులు ఎలుకల నుండి వచ్చినవే అని కూడా గుర్తుంచుకోవాలి.

మూడవది, గడ్డ చుట్టూ చేరి టి కణాలను పని చేయనివ్వని కణాలు కొన్ని ఉంటాయి. కీమో వాటిని కూడా పలచబరుస్తుంది. నాలుగవది అన్నిటికంటే సామాన్యమైనది. కీమో త్వరగా పని చేస్తుంది, ఇమ్యునోథెరపీ ఎక్కువ కాలం నిలుస్తుంది. ముందు గడ్డను కొంత తగ్గించి రోగిని నిలబెడితే, టి కణాలు మేలుకొనే వ్యవధి దొరుకుతుంది.

పరీక్షలో తేలినది

ఇవన్నీ ఊహలుగా చెప్పుకొంటే చాలదు. మనుషుల్లో పరీక్షించి చూడాలి. అటువంటి వాటిలో పేరుపడినది కీనోట్-189. చిన్న కణాలు కాని రకంలో, స్క్వేమస్ కాని కేన్సరు ముదిరిన 616 మంది ఇందులో చేరారు. అందరికీ పెమెట్రెక్సెడ్, ప్లాటినం మందు ఇచ్చారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి పెంబ్రోలిజుమాబ్ కూడా ఇచ్చారు, ఒకరికి మందు లేని సెలైను. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు.

2018లో ఫలితం వచ్చింది. పన్నెండు నెలల తరువాత జంట వైద్యం పొందినవారిలో నూటికి 69 మంది బ్రతికి ఉన్నారు. కీమో ఒక్కటే పొందినవారిలో 49 మంది. ఐదేళ్ళు గడిచాక చూస్తే జంట వైద్యంలో నూటికి 19 మంది, కీమోలో 11 మంది. కీమో వర్గంలో జబ్బు ముదిరినవారికి తరువాత పెంబ్రోలిజుమాబ్ ఇచ్చే వీలు కల్పించారు. చాలా మంది తీసుకొన్నారు కూడా. అయినా ఈ తేడా మిగిలింది. అంటే ఒకదాని తరువాత ఒకటి కట్టడం కంటే మొదటి నుండీ రెంటినీ కాడికి కట్టడమే మేలన్న మాట.

స్క్వేమస్ రకంలో పెమెట్రెక్సెడ్ పని చేయదు. అక్కడ పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్‌లకు పెంబ్రోలిజుమాబ్ జత చేసి 559 మందిలో చూశారు. సగం మంది బ్రతికిన కాలం 11.3 నెలల నుండి 15.9 నెలలకు పెరిగింది. చిన్న కణాల రకంలో కీమోకు అటెజోలిజుమాబ్ కలిపితే 10.3 నెలలు 12.3 అయింది. అంటే రెండు నెలలే. ఆపరేషనుకు వీలైన దశలో ఉన్నవారికి ముందుగా మూడు విడతలు నివోలుమాబ్, కీమో కలిపి ఇచ్చి 2022లో ఫలితాలు ప్రకటించారు. కోసి తీసిన భాగంలో బ్రతికి ఉన్న కేన్సరు కణం ఒక్కటీ లేనివారు నూటికి 24 మంది. కీమో ఒక్కటే ఇచ్చినవారిలో ఇద్దరు మాత్రమే.

ఇంతకూ ఎద్దు, దున్న నిజంగా కలిసి లాగుతున్నాయా? ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. 2017లో పామర్, సోర్జర్ అనే ఇద్దరు పరిశోధకులు ఎన్నో జంట వైద్యాల లెక్కలు తీసి, చాలా వాటిలో మందులు ఒకదానికొకటి సాయం చేసినట్టు ఋజువు లేదన్నారు. కొందరు రోగులకు ఒక మందు పడుతుంది, మరికొందరికి రెండోది పడుతుంది. ఎవరికి ఏది పడుతుందో ముందు తెలియదు గనుక రెండూ ఇస్తే ఎక్కువ మంది బాగుపడతారు. అంతే. ఇది చదివాక నాకు పెదనాన్న సామెత మరో విధంగా అర్థమైంది. రెండూ ఒకే అడుగు వేయకపోయినా ఫరవాలేదు. ఒకదాన్నొకటి పడెయ్యకుండా ఉంటే చాలు. ఒక చేలో ఎద్దు లాగుతుంది, ఇంకో చేలో దున్న లాగుతుంది. చాళ్ళు మాత్రం పడతాయి.

ఈ వైద్యం చేయలేనివి

ఐదేళ్ళకు 19 మంది అంటే, 81 మంది లేరనే గదా అర్థం. ఈ మాట దాచిపెడితే శాస్త్రం చెప్పినట్టు కాదు.

అందరికీ ఈ వైద్యం తగదు. గడ్డలో ఇ.జి.ఎఫ్.ఆర్., ఎ.ఎల్.కె. అనే జన్యువులలో మార్పు ఉంటే, వాటికి ప్రత్యేకంగా మాత్రలున్నాయి. అటువంటివారికి ముందు ఆ మాత్రలే ఇవ్వాలి. పొగ త్రాగనివారిలో ఈ మార్పులు ఎక్కువగా కనబడతాయి. కాబట్టి ముక్క పరీక్ష ఫలితం రాకుండా తొందరపడి మొదలుపెట్టకూడదు. పి.డి.-ఎల్.1 ఎంత ఉన్నదో కూడా చూస్తారు. అది సగానికి మించి కణాలలో ఉంటే, కొందరికి కీమో లేకుండా ఇమ్యునోథెరపీ ఒక్కటే సరిపోవచ్చు.

బ్రేకు తీసిన బండి ఎటైనా పోవచ్చు. టి కణాలు థైరాయిడ్ మీద, పేగు మీద, మూత్రపిండాల మీద, ఆఖరికి ఊపిరితిత్తి మీద కూడా పడవచ్చు. కీనోట్-189లో మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బ తిన్నది జంట వైద్యంలో నూటికి ఐదుగురికి, కీమోలో ఒక్కరికి కూడా పూర్తిగా కాదు. కొత్తగా ఆయాసం, ఆగని విరేచనాలు, మితిమీరిన నీరసం కనబడితే "మందు వేడి" అని ఇంట్లో కూర్చోకూడదు. వెంటనే చూపించుకొంటే స్టెరాయిడ్ మందులతో చాలా వరకు అదుపు చేస్తారు.

ఇక ఖర్చు. ఈ యాంటీబాడీ మందు ఒక్క విడతకే లక్షలు అవుతుంది. పరీక్షలో వాడినట్టు మూడు వారాలకొకసారి రెండేళ్ళ పాటు అంటే 35 విడతలు. మా వంటి కుటుంబం మాట అటుంచండి, ఉద్యోగస్థులే తట్టుకోలేరు. మన దేశంలో దీనికి మార్గం వెదుకుతున్నవారున్నారు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు తల, మెడ కేన్సరు ముదిరిన 151 మందిలో ఒక పరీక్ష చేసి 2022లో ప్రకటించారు. అందరికీ నోటితో వేసుకొనే చవక మందులు ఇచ్చారు. సగం మందికి నివోలుమాబ్‌ను మామూలు మోతాదులో పదో వంతుకన్నా తక్కువగా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు మాత్రమే కలిపారు. ఏడాది తరువాత ఆ కొంచెం మందు కలిపినవారిలో నూటికి 43 మంది, కలపనివారిలో 16 మంది బ్రతికి ఉన్నారు. ఆ చవక మందులలో ఒకటి మెథోట్రెక్సేట్. అంటే మన సుబ్బారావుగారి ఇంటి మందే. ఇది ఊపిరితిత్తుల కేన్సరులో చేసిన పరీక్ష కాదు. దీనిని అక్కడికి ఎత్తి పెట్టి "ఇంతే చాలు" అనడం తప్పు. కాని ప్రశ్న అడగవలసిన చోట అడిగారు.

మా ఇంటి సంగతి

పెదనాన్న ముక్క పరీక్షలో ఆ జన్యు మార్పులేవీ లేవు. పి.డి.-ఎల్.1 కొద్దిగానే ఉంది. జంట వైద్యం చేయవచ్చన్నారు. ఆ రాత్రి ఇంట్లో పెద్ద తర్జనభర్జన జరిగింది. పొగాకు బేరనూ, దాని పక్కన ఎకరమూ అమ్మితే గాని డబ్బు కూడదు. "అంత పెట్టినా గ్యారంటీ ఏముంది?" అన్నాడు మా నాన్న. తప్పుగా అనలేదు. నేను 69, 49 లెక్క చెప్పాను. నూరు మందికి ఈ వైద్యం చేస్తే ఏడాదికి ఇరవై మంది అదనంగా మిగులుతారు. ఆ ఇరవైలో పెదనాన్న ఉంటాడో లేదో ఎవరూ చెప్పలేరు. పెద్దమ్మ అంతా విని, "నూటికి ఒక్కరన్నా సరే అమ్మెయ్యండి, ఆ బేరను పొగే ఆయన్ని తినింది" అన్నది. పొగాకు బేరనులో పని చేయడం కంటే పూటకు మూడు చుట్టలు కాల్చడమే అసలు కారణమని నాకు తెలుసు. అప్పుడు ఆ మాట అనబుద్ధి కాలేదు.

నాలుగు విడతలయ్యాక గడ్డ సగానికి పైగా తగ్గింది. థైరాయిడ్ మందగించింది, రోజూ మాత్ర వేసుకొంటాడు. ఇప్పటికి పదకొండు నెలలు. చెరువు కట్ట దాకా నడిచి వస్తున్నాడు. తరువాతి విడతలకు డబ్బు ఎక్కడి నుండి వస్తుందో ఇంకా తెలియదు. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ వ్యాసంలోని సంగతులన్నీ చెప్పాను. విని, "అయితే ఎద్దూ దున్నా కలిసే లాగుతున్నయ్యా, లేకపోతే ఏదో ఒకటే లాగుతుందా?" అన్నాడు. నీ ఒంట్లో ఏది లాగుతున్నదో డాక్టర్లు కూడా చెప్పలేరన్నాను. "సరేలే, చాలు పడితే అంతే చాలు" అన్నాడు.

తోటి విద్యార్థి మిత్రులకు రెండు మాటలు మనవి చేసి ముగిస్తాను. మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు మూడు వారాలు దాటితే కళ్ళె పరీక్ష, ఎక్స్‌రే చేయించండి. కళ్ళెలో క్షయ క్రిములు లేకున్నా మాత్రలు మింగుతూ, నెలకైనా తగ్గకపోతే "ఇంకేమన్నా ఉందేమో చూడండి" అని డాక్టరుగారిని గట్టిగా అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు, మన చదువు అందుకు కూడా పనికి రావాలి. ఇక హాస్టలు వెనక గోడ దగ్గర సాయంత్రాలు సిగరెట్లు కాల్చే మిత్రులకు నేను నీతులు చెప్పను. ఒక్కసారి నాతో మా ఊరు రండి. మా పెదనాన్న మీతో మాట్లాడతాడు.